విజ్ఞాన, పర్యావరణ వార్తల సేకరణ: మలికిపురం నుంచి చూస్తే

పరిచయం

విజ్ఞాన శాస్త్రం మీ ప్రధాన పాఠ్యాంశం కాకపోయినా ఆ వార్తలు మీ ఫోన్‌లోకి రోజూ వస్తూనే ఉంటాయి. కొత్త గ్రహాన్ని కనుగొన్నారని ఒకటి, ఫలానా ఆకు నమిలితే మధుమేహం పోతుందని మరొకటి, సముద్రం ముందుకు వస్తోందని ఇంకొకటి. కొన్నింటిని చదివి వదిలేస్తారు, కొన్నింటిని దాచుకుంటారు, కొన్నింటిని ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు పంపుతారు. పరీక్ష కోసమో ఉద్యోగం కోసమో కాకుండా, కేవలం తెలుసుకోవాలన్న కుతూహలంతో చేసే ఈ పనిని సాధారణంగా ఎవరూ చదువుగా లెక్కించరు. ఈ పాఠం దాన్ని చదువుగానే తీసుకుంటుంది.

ఉదాహరణల కోసం ఒకే ప్రాంతాన్ని ఎంచుకొన్నాం: కోనసీమలోని మలికిపురం, దాని చుట్టుపక్కల గ్రామాలు. ఒకవైపు వశిష్ఠ, మరోవైపు వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం ఉన్న రాజోలు దీవిలోది ఈ మండలం. కొబ్బరి తోటలు, వరి చేలు, చేపల చెరువులు, సహజవాయువు బావులు, సముద్రపు ఒడ్డు అన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడివారికి పర్యావరణ వార్త అంటే ఎక్కడో ధ్రువాల దగ్గర కరిగే మంచు మాత్రమే కాదు, పెరట్లో ఎండుతున్న చెట్టు కూడా. మీరు వేరే జిల్లాలో ఉంటే ఈ పేర్ల స్థానంలో మీ ఊరి పేర్లు పెట్టుకొని చదవండి.

1995 జనవరి 8న, మామిడికుదురు మండలం పాశర్లపూడిలో సహజవాయువు బావి పేలి మంటలు లేచాయి. ఆ మంట 65 రోజులు మండింది. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో దాని గురించి తెలుసుకోవడానికి పత్రిక, రేడియో, టీవీ, చూసి వచ్చినవాళ్ల మాట తప్ప వేరే దారి లేదు. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికి ప్రభుత్వ ఫైబర్‌నెట్ కనెక్షన్లు వచ్చాయి. నెలకు 149 రూపాయల పథకం అప్పట్లో పెద్ద వార్త. ఈ రెండు తేదీల మధ్య 22 ఏళ్లు కూడా లేవు. ఇంతలోనే సమాచారానికి కొరత లేకుండా పోయింది. వచ్చినదాంట్లో ఏది నమ్మాలో కూర్చొని తేల్చుకొనే తీరికకే ఇప్పుడు కొరత.

కుతూహలం ఎలా పుడుతుంది?

జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1994లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకొనేదానికీ మధ్య ఉన్న ఖాళీ కంటబడినప్పుడు కుతూహలం పుడుతుందని ఆయన అన్నాడు. బొత్తిగా ఏమీ తెలియని విషయం మీద మనకు ఆసక్తి ఉండదు. కొంత తెలిసినప్పుడే మిగతాది కావాలనిపిస్తుంది. కొబ్బరి తోట ఉన్న రైతుకు తెల్లదోమ గురించిన వార్త వెంటనే కంటపడేది అందుకే.

‘ఇది తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు’ అనే శీర్షికలు కూడా ఈ ఖాళీ మీదే బతుకుతాయి. అవి ఖాళీని చూపిస్తాయి గాని నింపవు. నింపాల్సింది చదివేవారే. అది ఎలాగో ఒకే వార్తను పట్టుకొని చివరిదాకా వెళ్లి చూద్దాం.

ఒక వార్త వెనక ప్రయాణం: తెల్లదోమ

కొబ్బరి మట్టల్లో ఆకుల అడుగున తెల్లటి మైనపు పొడి, గుండ్రంగా సుడులు తిరిగినట్టు పెట్టిన గుడ్లు, కింది ఆకుల పైభాగాన నల్లటి మసి మీరు చూసి ఉంటారు. దీన్ని సర్పిలాకార వలయ తెల్లదోమ అంటారు. శాస్త్రీయ నామం అల్యూరోడైకస్ రూజియోపర్క్యులేటస్. ఈ పురుగు ఆకు రసాన్ని పీల్చి తేనెలాంటి జిగట ద్రవాన్ని విసర్జిస్తుంది. అది కింది ఆకుల మీద పడితే దానిపై నల్లని బూజు పెరుగుతుంది. ఆ మసి ఆకుకు ఎండ తగలనివ్వదు.

శాస్త్రీయ నామంతో వెతికితే దీని చరిత్ర దొరుకుతుంది. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి సేకరించిన నమూనాలతో 2004లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. 2009లో ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడింది. ఆ తర్వాత కొద్ది కాలానికే గోదావరి జిల్లాలకు చేరింది. ‘తెల్లదోమ’ అని మాత్రమే వెతికితే పత్తి మీద, మిరప మీద వాలే వేరే తెల్లదోమల సమాచారం వచ్చి పడుతుంది. కాబట్టి సేకరణలో మొదటి అలవాటు, పురుగుకైనా చేపకైనా శాస్త్రీయ నామాన్ని పక్కన రాసుకోవడం.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఇలా వెతికినప్పుడు ఫ్లోరిడాకు చెందిన పేజీలు ముందుగా కనిపించవచ్చు. అక్కడ అలంకరణకు పెంచే తాటిజాతి చెట్ల మొదళ్లలో అంతర్వాహిక కీటకనాశనులు పోయమని సలహా ఇచ్చారు. ఆ పేజీ విశ్వవిద్యాలయానిది, రాసినవారు నిపుణులు, అందులో అబద్ధం లేదు. ఇంత బలమైన ఆధారం దొరికిందని మీరు దాన్ని తెలుగులోకి మార్చి పది మంది రైతులకు పంపారనుకోండి. ఏమవుతుంది?

వీధిలో అందానికి పెంచే చెట్టు వేరు, నీళ్లు తాగి కొబ్బరి తినే చెట్టు వేరు. మందు అవశేషాల ప్రశ్న అలా ఉంచినా, మరో నష్టం ఉంది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే అతి చిన్న కందిరీగ ఈ తెల్లదోమ పిల్లపురుగుల్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి నుంచి తింటూ పెరిగి, గుండ్రటి రంధ్రం చేసుకొని బయటికి వస్తుంది. మన దేశంలో ఈ తెల్లదోమను అదుపులో ఉంచిన ప్రధాన శత్రువు ఇదే. విచక్షణ లేకుండా రసాయనాలు కొడితే కందిరీగ చస్తుంది, తెల్లదోమ మళ్లీ పుంజుకుంటుంది. అందుకే మన శాస్త్రవేత్తలు రసాయనాలను తగ్గించమని, మట్టల అడుగుకు తగిలేలా నీటిని వేగంగా చిమ్మమని, పసుపు రంగు జిగురు అట్టలు కట్టమని, ఐసేరియా ఫ్యూమోసోరోజియా అనే మిత్ర శిలీంధ్రాన్ని పిచికారీ చేయమని చెబుతున్నారు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఈ శిలీంధ్రంపై పనిచేసింది. కోనసీమలోనే ఉన్న అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ జీవనియంత్రణ పద్ధతులను రైతుల దగ్గరికి తీసుకెళ్లింది.

అంటే వార్త నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న మాత్రమే. ఏ ఊరికి, ఏ పంటకు, ఏ సంవత్సరానికి నిజం అన్నది రెండో ప్రశ్న. నిజమైన సమాచారం తప్పు చోటికి చేరి చేసే నష్టం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. వదంతి కంటే ఇదే ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు.

కృత్యం: భూతద్దం ఉంటే రాలిన కొబ్బరి ఆకు అడుగున చూడండి. ఎండిన పిల్లపురుగుల డొల్లల మీద గుండ్రటి చిన్న రంధ్రాలు కనిపిస్తే కందిరీగ మీ తోటలో ఉన్నట్టే. తేదీ, స్థలం రాసి ఫోటో తీసుకోండి. మీరు సేకరించిన వార్తల పక్కన మీ సొంత పరిశీలన ఒకటి చేరింది.

సముద్రం మింగేస్తోందా?

‘కోనసీమను మింగేస్తున్న సముద్రం’ లాంటి శీర్షిక మీకు కొత్త కాదు. దీని వెనక నిజమైన పరిశోధన ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహపరిశోధకులు 2010లో కృష్ణా, గోదావరి డెల్టాల తీరరేఖపై ఒక పత్రం ప్రచురించారు. గోదావరి నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1970-79 మధ్య దాదాపు 15 కోట్ల టన్నులుండగా, 2000-06 నాటికి దాదాపు 5.7 కోట్ల టన్నులకు తగ్గిందని అందులో చూపారు. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపుకొంటే డెల్టా అంచుకు మట్టి చేరదు. అలలు కోసుకుపోయిన చోటును పూడ్చేది లేక తీరం వెనక్కి జరుగుతుంది.

1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో 336 కిలోమీటర్ల తీరం వెంట నికరంగా 76 చదరపు కిలోమీటర్ల భూమి పోయిందని ఆ పత్రం చెప్పింది. ఇక్కడ పెన్ను తీసుకోండి. 76ను 336తో భాగిస్తే 0.226 కిలోమీటర్లు, అంటే 226 మీటర్లు. దాన్ని 43తో భాగిస్తే ఏడాదికి 5 మీటర్లకు కొంచెం ఎక్కువ. వార్తలో ఉన్న భయం ఇప్పుడు ఒక కొలతగా మారింది.

ఈ కొలతను మలికిపురం తీరానికి నేరుగా అంటగట్టకూడదు. ఆ 336 కిలోమీటర్లు రెండు డెల్టాలవి, కోనసీమది ఒక్కటే కాదు. ‘నికరంగా’ అన్న మాట కూడా చూడండి: కొన్నిచోట్ల భూమి పోయింది, కొన్నిచోట్ల కొత్తగా ఏర్పడింది, తీసివేయగా మిగిలింది 76. ఒక ఊరి ముందు తీరం సగటు కంటే ఎన్నో రెట్లు వేగంగా కోతకు గురికావచ్చు, పక్క ఊరి ముందు ఇసుక మేట వేయవచ్చు. మీ ఊరి సంగతి తెలియాలంటే వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. ఆటుపోట్ల తేడా వల్ల ఒకే రోజున కూడా ఒడ్డు జరిగినట్టు కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇలాంటి వార్తల్లో మరో కలగాపులగం జరుగుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కొబ్బరి చెట్లు మోడు కావడాన్ని సముద్రపు కోతతో కలిపి రాస్తుంటారు. ఇవి రెండు వేర్వేరు ప్రక్రియలు. కోతలో అల ఒడ్డును తినేస్తుంది. డ్రెయిన్ విషయంలో పోటు సమయాన ఉప్పునీరు కాలువ గుండా లోపలికి ఎగదన్ని పొలాల్లోకి పాకుతుంది. కొబ్బరి కొంత ఉప్పును తట్టుకొనే చెట్టే. కాని వేళ్ల చుట్టూ ఉప్పునీరు చాలా కాలం నిలిచిపోతే తట్టుకోలేదు. ఒకదానికి ఒడ్డు దగ్గర చేయాల్సిన పని వేరు, రెండోదానికి కాలువ, దాని గట్ల దగ్గర చేయాల్సిన పని వేరు. వార్త ఈ రెండింటినీ కలిపేస్తే గ్రామస్థులు ఏ అధికారిని ఏమని అడగాలో తెలియక పోతుంది.

తేదీ లేని వరద

జూలై, ఆగస్టు నెలల్లో పాత వరద వీడియోలు కొత్తవిగా తిరుగుతాయి. ధవళేశ్వరం దగ్గర మూడు హెచ్చరికల స్థాయిలున్నాయి: 11.75 అడుగులు, 13.75 అడుగులు, 17.75 అడుగులు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చాయి. ఈ అంకెలు నోట్‌బుక్‌లో ఉంటే, ‘రికార్డు వరద’ అన్న సందేశం వచ్చిన క్షణంలోనే పోల్చుకోగలరు. లంక గ్రామాల్లో పశువులను ఎప్పుడు గట్టు ఎక్కించాలన్నది ఈ అంకెలను బట్టే నిర్ణయిస్తారు. తేదీ, గంట లేని వరద సందేశాన్ని పంపకండి.

ఎందుకు అబద్ధం ముందు చేరుతుంది?

2018లో ‘సైన్స్’ పత్రికలో సొరూష్ వొసౌగీ, డెబ్ రాయ్, సినాన్ ఆరల్ ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. 2006-2017 మధ్య ట్విటర్‌లో దాదాపు 30 లక్షల మంది వ్యాప్తి చేసిన దాదాపు 1,26,000 కథనాలను వారు పరిశీలించారు. అబద్ధపు వార్తను జనం ఇతరులకు పంపే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువని తేలింది. యంత్ర ఖాతాలను తీసివేసి చూసినా ఫలితం మారలేదు. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ ఉండటం ఒక కారణం కావచ్చని వారు వివరించారు. అంటే మనల్ని పుస్తకం వైపు నడిపించే కుతూహలమే ఇక్కడ బోల్తా కొట్టిస్తోంది.

అయితే తప్పంతా పంపేవారిది కాదు. 2014లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో జరిగిన అధ్యయనంలో, బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాలు 2011లో ఆరోగ్య పరిశోధనలపై విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను అసలు పత్రాలతో పోల్చారు. 40 శాతం ప్రకటనల్లో పాఠకులకిచ్చిన సలహా అసలు పత్రంలో ఉన్నదాని కంటే అతిగా ఉంది. అతిశయోక్తి పత్రికా కార్యాలయంలో కాక, విశ్వవిద్యాలయం గడపలోనే మొదలవుతోందన్నమాట. ‘శాస్త్రవేత్తలు తేల్చారు’ అని చదివినప్పుడు ఎవరు, ఎక్కడ, ఎందరి మీద, ఎలుకల మీదా మనుషుల మీదా అని వెతకండి. పరిశోధన పత్రం మొత్తం అర్థం కాకపోయినా దాని మొదట్లో ఉండే సారాంశం చదివితే వీటిలో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

పంచుకొనేటప్పుడు

వార్తను ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపడం కంటే మూడు నాలుగు వాక్యాల్లో మీ మాటల్లో రాసి, మూలం లింకు, ప్రచురణ తేదీ జతచేసి పంపండి. ఇతరుల రచనను మొత్తంగా వాడుకొనే ఇబ్బంది ఉండదు. మీకు ఎంతవరకు అర్థమైందో కూడా ఆ మూడు వాక్యాలే చెప్పేస్తాయి. తెల్లదోమ వార్తకు ఇలా రాయవచ్చు: ‘ఇది ఫ్లోరిడాలో అలంకరణ చెట్లకు ఇచ్చిన సలహా. మన కొబ్బరికి వర్తించదు. మందు కొట్టేముందు అంబాజీపేట వాళ్లను అడగండి మావయ్యా.’ చివరి మాట లేకపోతే ఈ సందేశాన్ని మావయ్య చదవడు.

అన్నీ పంచుకోవాల్సినవి కావు. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు వీటికి రక్షణ కల్పిస్తుంది. ఇసుకలో గుడ్ల గుంత కనిపిస్తే అది ఎక్కడుందో అందరికీ పంపితే, చూడటానికి వచ్చేవారి పాదాలు, కుక్కలు, గుడ్ల దొంగలు అన్నీ అక్కడికే చేరతాయి. ఆ సమాచారం వెళ్లాల్సింది అటవీ శాఖకు మాత్రమే. ఒడ్డున చనిపోయి పడి ఉన్న తాబేలు ఫోటో తీస్తే దాని కింద ‘వలల వల్ల’ అనో ‘కాలుష్యం వల్ల’ అనో రాయకండి. గాలి పీల్చే ఈ జీవి వలలో చిక్కి ఊపిరాడక చనిపోవడం తరచుగా జరిగేదే అయినా, ఈ ఒక్క తాబేలు ఎందుకు చనిపోయిందో ఫోటో చెప్పదు. తేదీ, స్థలం, ఎన్ని కనిపించాయి అన్నవి మాత్రం రాయండి. ఏటా అదే తీరంలో అదే నెలలో మీరు రాసిన లెక్క ఉంటే, ఆ కారణాన్ని వెతికే పరిశోధకునికి అది పనికివస్తుంది.