ఒకే నంబరు, పదిమంది పట్టాదారులు

కంప్యూటరు పట్టికలో ఒక వరుస ఇంకో వరుసలో కలిసిపోకుండా చూసేదే ‘యూనిక్ కీ’. పేరు ఆ పనికి రాదు. కొత్తకోట చుట్టుపక్కల ఏ మాదిగవాడకు పోయినా బాలయ్యలు, ఎల్లమ్మలు ఒక్కరు కాదు. భూమికి సర్వే నంబరుంది, కానీ అదే నంబరు పక్క ఊళ్లోనూ ఉంటుంది. ఊరు, సర్వే నంబరు, బై నంబరు కలిస్తేనే కీ. (జిల్లాను కలిపితే ఇంకో తంటా. కొత్తకోట 2016లో మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి జిల్లాకు వచ్చింది. ఊరు కదల్లేదు, కీ మారిపోయేది.)

చిక్కంతా బై నంబరు దగ్గరే. ఒకే సర్కారీ సర్వే నంబరులో పదిమంది దళితులకు లావణి పట్టాలిచ్చి, కొలిచి హద్దురాళ్లు పాతకుంటే కాగితం మీద నంబర్లు వేరే, నేల మీద ఏది ఎవరిదో తేలదు. కంప్యూటరు అది అడగదు. ఒకే కీ రెండుసార్లు పడిందా అన్నదే దాని లెక్క. వరుసే లేనోడి సంగతి దానికి పట్టదు. 2017 రికార్డుల ప్రక్షాళనలో వివాదమన్న భూముల్ని ‘పార్ట్ బి’లో పెట్టారు. 2020లో ధరణి వచ్చినంక వాటికి పాసుబుక్కు గగనమైంది.

2025 భూభారతి చట్టంలో ‘భూధార్’ నంబరుంది. రికార్డును బట్టి ఇచ్చేది తాత్కాలికం, కొలిచి ఇచ్చేది శాశ్వతం. చేతికొచ్చింది ఏదో ఆఫీసులోనే అడగాలె.