మడిలో పొంచిన జ్వరం

ప్లేగును తరిమికొట్టి పేరు తెచ్చుకున్న సూరత్, తన చుట్టూ ఉన్న పల్లెల్లో వానలతో పాటే వచ్చే ఎలుక జ్వరాన్ని మాత్రం వదిలించుకోలేకపోతోంది. పశువుకు ఒక శాఖ, మనిషికి మరో శాఖ ఉన్నంతకాలం వదిలించుకోవడం కష్టమే.

సూరత్‌కు 1994 మరచిపోలేని ఏడాది. ఆ సెప్టెంబర్‌లో తాపీ నది వరద తీసిన కొద్ది రోజులకే నగరంలో న్యుమోనిక్ ప్లేగు వార్త గుప్పుమంది. లక్షలాది మంది దొరికిన రైలెక్కి పారిపోయారు. వారిలో చాలామంది మరమగ్గాల మీద, వజ్రాలు సానబెట్టే కార్ఖానాల్లో బతికే వలస కార్మికులు. తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరం కూడా అదే. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ నిండుకుంది. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి. మరణాలు 50 చిల్లరే అయినా దేశం పరువు మాత్రం అంతర్జాతీయంగా బజారున పడింది.

తర్వాతి కథ తెలుగువారికి కొంత గర్వకారణం. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు జోన్లుగా విడగొట్టారు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ ఉదయమే వీధుల్లోకి పంపారు. చెత్త ఎత్తించారు, అక్రమ కట్టడాలు కూల్చారు, హోటళ్లకు జరిమానాలు వేశారు. 1996కల్లా సూరత్ దేశంలో రెండో పరిశుభ్ర నగరమన్న పేరు తెచ్చుకుంది. 1998లో రావుకు పద్మశ్రీ దక్కింది. ఆ ఒరవడి తర్వాతా కొనసాగింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది.

అయితే ఆ రోజుల్లో దక్షిణ గుజరాత్‌లో తలెత్తిన జబ్బు ప్లేగు ఒక్కటే కాదు. ఇంచుమించు 1994 నుంచే అక్కడి వరి, చెరకు పొలాల్లో పనిచేసే కూలీల్లో మరో జ్వరం నమోదవడం మొదలైంది. ఒళ్లు నొప్పులతో మొదలై, కళ్లు పచ్చబడి, కొందరిలో మూత్రం ఆగిపోయి, మరికొందరిలో నోటి వెంట రక్తం పడి ప్రాణం తీసే జ్వరం అది. పేరు లెప్టోస్పైరోసిస్. మన పత్రికలు దాన్ని ఎలుక జ్వరం అంటాయి. సూరత్, నవ్సారీ, వల్సాడ్, తాపీ జిల్లాల ఆరోగ్య సిబ్బందికి జూలై నుంచి అక్టోబర్ దాకా దీని మీదే కన్ను. నగరం చీపురు పట్టి గెలిచింది. చీపురుకు లొంగని ఈ రోగం పల్లెల్లో నిలిచిపోయింది.

కామెర్లన్నీ ఒకటి కావు

వానాకాలంలో కళ్లు పచ్చబడి వచ్చిన రోగిని చూడగానే ఏ వైద్యుడికైనా ముందు తట్టేది హెపటైటిస్. అందులోనూ నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. భారత్‌కు హెపటైటిస్ ఇ తో పరిచయం పాతది. 1955-56లో యమునలో మురుగు కలిసి ఢిల్లీలో దాదాపు 29,000 మందికి కామెర్లు సోకాయి. అది అప్పటికి పేరు లేని ఈ వైరస్ పనేనని తర్వాత తేలింది. 2005లో హైదరాబాద్‌లో 1,600 మందికి పైగా దీని బారిన పడ్డారు. అక్కడ తాగునీటి పైపులు మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్లే బస్తీల్లోనే జబ్బు ఉధృతంగా కనిపించింది.

ఈ వైరస్‌కూ పశువులకూ సంబంధం ఉందని 1997లో అమెరికాలో పందుల్లో దాన్ని గుర్తించాక తేలింది. యూరప్‌లో సరిగా ఉడకని పంది మాంసం, పంది కాలేయం తిన్నవారికి, జపాన్‌లో జింక, అడవిపంది మాంసం తిన్నవారికి ఇది సోకిన దాఖలాలున్నాయి. భారత్‌లో పరిస్థితి వేరు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తల పరిశోధనల్లో మన పందుల్లో కనిపించింది నాలుగో రకం వైరస్ కాగా, మనుషులకు కామెర్లు తెస్తున్నది మొదటి రకం. అంటే ఇక్కడ హెపటైటిస్ ఇ మనిషి మలం నుంచి నీటి ద్వారా మనిషికే చేరుతోంది. పంది పాత్ర నామమాత్రమే.

అదే సూరత్ పల్లెల్లోని కామెర్లలో ఎలుక, గేదె, ఆవు, పంది, కుక్క అన్నిటికీ వాటా ఉంది. లెప్టోస్పైరోసిస్‌కు మూలం వైరస్ కాదు, మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా. ఈ తేడా ప్రాణాంతకమైనది. హెపటైటిస్ ఇ కి చాలామందిలో విశ్రాంతి, జాగ్రత్తలే వైద్యం. లెప్టోస్పైరోసిస్‌కు మాత్రం పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి చవక మందులున్నాయి, అవి తొందరగా పడాలి. మామూలు కామెర్లే అనుకుని పసరు మందు కోసం తిరిగితే ఆ నాలుగు రోజుల్లో మూత్రపిండాలో ఊపిరితిత్తులో దెబ్బతింటాయి.

పోల్చుకోవడం కూడా తేలిక కాదు. మొదటి రోజుల్లో ఇది ఏ జ్వరంలాగైనా ఉంటుంది. తలనొప్పి, కళ్లు ఎర్రబడటం, అన్నిటికీ మించి చెయ్యి వేయనివ్వనంతగా పిక్కల నొప్పి ఉంటే అనుమానించాలి. రక్తంలో ప్రతిరక్షకాలను చూసే పరీక్షలు జ్వరం వచ్చిన ఐదారు రోజుల దాకా జబ్బును పట్టుకోలేవు. అందుకే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అనుమానం వస్తే మందు మొదలుపెట్టాలన్నది వైద్యుల సూత్రం.

కొట్టం నుంచి మడికి

ఎలుక జ్వరం అన్న పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఎలుక కరిస్తే వచ్చే జబ్బు కాదిది. రోగక్రిములు ఎలుకలు, పందికొక్కులు, పశువుల మూత్రపిండాల్లో కాపురముంటాయి. మూత్రంతో బయటికొచ్చి తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతాయి. కాలి పగుళ్ల నుంచో, చిన్న గాయం నుంచో, నీళ్లలో నాని మెత్తబడిన చర్మం నుంచో ఒంట్లోకి చేరతాయి. ఎలుకకు ఏమీ కాదు. పశువుకు పాలు తగ్గుతాయి, చూడి పశువు ఈసుకుపోవచ్చు. మనిషికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఈ క్రిమికి కావలసినవన్నీ దక్షిణ గుజరాత్‌లో ఉన్నాయి. కురిస్తే కుండపోతగా కురిసే నైరుతి వానలు. నీరు త్వరగా ఇంకని నల్లరేగడి. ఉకాయ్, కాక్రాపార్ కాలువలు తెచ్చిన ఏడాది పొడవునా తడి. బార్డోలీ అనగానే ఒకప్పుడు 1928 సత్యాగ్రహం గుర్తొచ్చేది, ఇప్పుడు చక్కెర మిల్లు గుర్తొస్తుంది. కాలువలొచ్చాక ఈ ప్రాంతం చెరకు సీమగా మారింది. నెలల తరబడి నిలిచే చెరకు తోట ఎలుకలకు, పందికొక్కులకు కోటలాంటిది. ఇక పాల సంగతి. సుముల్ డెయిరీ పుణ్యాన పాడి పేద గిరిజన కుటుంబాలకూ ఆదాయమైంది. చాలా ఇళ్లలో మనుషులు పడుకునే కప్పు కిందే పశువులను కట్టేస్తారు. కొట్టం కడిగిన నీరు పెరట్లోకి, అక్కడి నుంచి పొలంలోకి పారుతుంది.

ఆ పొలంలో దిగేది ఎవరు? నాట్లు వేసే హల్పతి, చౌధరీ, గామీత్ కూలీలు. జూలైలో రోజుకు ఏడెనిమిది గంటలు మోకాలి లోతు బురదలో వట్టి కాళ్లతో నిలబడాలి. గట్లు చెక్కేటప్పుడో గడ్డి కోసేటప్పుడో కాలికి, చేతికి గాట్లు తప్పవు. రబ్బరు బూట్లు వేసుకోమని చెప్పడం తేలికే. నాట్ల మడిలో బూటు అడుగు తీసి అడుగు వేయనివ్వదు, లోపలికి నీళ్లు చేరితే మరీ బరువు. జ్వరమొచ్చిన మొదటి రోజే ఆస్పత్రికి వెళ్లమన్నా అంతే. సీజన్‌లో ఒక రోజు మానితే ఒక రోజు కూలి పోతుంది.

ఈ రోగం నగరం గడప తొక్కదన్న భరోసా కూడా 2006తో పోయింది. ఆ ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. వరద తీశాక నగరంలోనూ లెప్టోస్పైరోసిస్ కేసులు బయటపడ్డాయి. అంతకు ఏడాది ముందు, 2005 జూలై 26న ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన కురిసిన ముంబైలో జరిగిందీ ఇదే. 2018 వరదల తర్వాత కేరళ కూడా ఎలుక జ్వరం మరణాలను చూసింది.

మాత్రతో సగం యుద్ధమే

గుజరాత్ ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. వానలకు ముందు వైద్యులకు శిక్షణ, పొలాల్లో ఎలుకల మందు, ఇంటింటికీ తిరిగి జ్వరాల వాకబు, విషమించిన వారిని సూరత్‌లోని న్యూ సివిల్ ఆస్పత్రికి తరలించడం ఏటా జరిగే తంతు. వీటిలో ప్రధాన ఆయుధం డాక్సీసైక్లిన్. ముప్పు ఎక్కువగా ఉన్న కూలీలకు వారానికోసారి 200 మిల్లీగ్రాముల చొప్పున సీజన్‌లో కొన్ని వారాలు ఇస్తారు.

ఈ మాత్ర ఎంతవరకు కాపాడుతుందో అండమాన్ దీవుల్లో జరిగిన ప్రయోగం చెబుతుంది. అక్కడ 1980ల చివరి నుంచి అంతుచిక్కని రక్తస్రావ జ్వరంగా భయపెట్టిన జబ్బు లెప్టోస్పైరోసిసేనని తర్వాత నిర్ధారణ అయింది. పోర్ట్ బ్లెయిర్‌లోని వైద్య పరిశోధన కేంద్రం 782 మందిపై జరిపి 2000లో వెల్లడించిన అధ్యయనంలో, డాక్సీసైక్లిన్ వేసుకున్నవారిలో 3.11 శాతం మంది జబ్బు పడితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 6.82 శాతం మంది పడ్డారు. క్రిమి ఒంట్లోకి చేరడాన్ని మాత్రం ఆ మందు ఆపలేకపోయింది. అంటే మాత్ర జబ్బును సగానికి తగ్గిస్తుంది, మడిలోని క్రిమి అలాగే ఉంటుంది. పైగా గర్భిణులకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. నాట్లలో స్త్రీల వాటా ఎంతో తెలిసినవారికి ఆ ఖాళీ ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

పశువు ఎవరి లెక్క?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జ్వరమొచ్చిన కూలీ ఆరోగ్య శాఖ లెక్కలోకి వస్తాడు. అతని ఇంట్లో ఈసుకుపోయిన గేదె పశుసంవర్ధక శాఖ లెక్క. పొలంలో ఎలుక వ్యవసాయ శాఖది, అదీ పంట నష్టం పద్దు కింద. నీరు నిలిచే కాలువ నీటిపారుదల వారిది. రోగం మాత్రం ఈ నలుగురి మధ్య ఏ ఫైలూ లేకుండా తిరుగుతుంది.

పశువు వైపు నుంచి మొదలుపెడితే ఏమవుతుందో న్యూజీలాండ్ చూపించింది. 1970లలో అక్కడ పాడి రైతుల్లో ఈ జబ్బు తీవ్రంగా ఉండేది. పాలు పితికేటప్పుడు ఆవుల మూత్రం తుంపర్లు మీద పడటమే కారణమని తేల్చి, మందలకు విస్తృతంగా టీకాలు వేశారు. మనుషుల్లో కేసులు గణనీయంగా పడిపోయాయి. భారత్‌లో అదే దారి నేరుగా పట్టడం కుదరదు. న్యూజీలాండ్‌లో ప్రధాన శత్రువు మంద ఒక్కటే, ఇక్కడ ఎలుక, పందికొక్కు కూడా ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ రకం క్రిమి ఏ జంతువులో ఉందో తేల్చకుండా టీకా పనిచేయదు. ఆ తేల్చే పనికైనా పశువైద్యుడు, మనుషుల డాక్టరు ఒకే ఊళ్లో ఒకేసారి నమూనాలు తీయాలి.

2019 సెప్టెంబర్‌లో కేంద్రం రూ. 13,343 కోట్లతో పశువుల టీకాల పథకం ప్రారంభించినప్పుడు అందులో చేరినవి గాలికుంటు, బ్రూసెల్లోసిస్. లెప్టోస్పైరోసిస్‌కు చోటు దక్కలేదు. ప్రపంచవ్యాప్తంగా ఏటా 10.3 లక్షల మంది దీని బారిన పడుతున్నారనీ, 58,900 మంది మరణిస్తున్నారనీ 2015లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అయినా చచ్చేది ఎక్కువగా పొలం కూలీలే కావడంతో దీనికి ప్లేగుకు ఉన్నంత పలుకుబడి లేదు. దీనివల్ల ఎక్కడా విమానాలు ఆగవు.

మనుషులు, పశువులు, పర్యావరణం ఆరోగ్యాన్ని కలిపి చూడాలనే 'వన్ హెల్త్' ఆలోచన ఇటీవల ఢిల్లీలో ఊపందుకుంది. నాగ్‌పూర్‌లో దానికోసం జాతీయ సంస్థకు 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. అది భవనాలకే పరిమితమవుతుందా, బార్డోలీ పల్లెలో పశువుల కొట్టం దాకా వస్తుందా అన్నదే ప్రశ్న.

ఇది గుజరాత్ గొడవేనని తెలుగు రాష్ట్రాలు ఊరుకునే వీల్లేదు. కేంద్రం 12వ ప్రణాళికలో లెప్టోస్పైరోసిస్ నియంత్రణకు ఎంచుకున్న ప్రాంతాల్లో గుజరాత్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, కర్ణాటక, అండమాన్ నికోబార్ ఉన్నాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పేరు లేదు. కానీ కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి మడి, మురుగు కాలువ, పాడి గేదె, పందికొక్కు అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులోని బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పుట్టిందే మరి. ఇక్కడా ఎలుకల నిర్మూలనను పంట రక్షణగానే చూస్తున్నారు. వానాకాలం జ్వరమంటే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాసి ఊరుకునే చోట ఎలుక జ్వరం లేదనుకోవడం కంటే, వెతకలేదనుకోవడమే మేలు.

చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మనిషికి జబ్బని తేలిన ఇంట్లో పశువులకూ పరీక్ష చేయాలి. ఈసుకుపోయిన పశువు కబురు పశువైద్యశాల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందాలి. కొట్టం నీరు మడిలోకి పోకుండా ఇంకుడు గుంత తవ్వాలి. జ్వరమొచ్చిన కూలీకి మొదటి రెండు రోజుల కూలి నష్టం భర్తీ చేస్తే ఆస్పత్రికి తొందరగా వస్తాడు. జూలైలో నాట్లు పడేనాటికి మాత్రల డబ్బాతో ఆరోగ్య కార్యకర్త ఎలాగూ గడపలోకి వస్తుంది. ఆమె వెంట పశువైద్యుడిని కూడా పంపడానికి కావలసింది కొత్త చట్టం కాదు, రెండు శాఖలు కలిసి సంతకం చేసే ఒక్క ఉత్తర్వు.