కోర్‌కో గడియారం, కంప్యూటర్‌కు ఒకే కాలం

2005లో ఏఎమ్‌డీ కంపెనీ అథ్లాన్ 64 ఎక్స్2 పేరుతో ఇళ్లలో వాడే కంప్యూటర్లకు డ్యూయల్ కోర్ ప్రాసెసర్ తెచ్చింది. ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లన్నమాట. దాని మీద కొన్ని ఆటలు వింతగా ఆడాయి. తెర మీది బొమ్మ ఉన్నట్టుండి ముందుకు దూకేది, అంతలోనే తడబడి ఆగేది. లెక్కలు చేయడంలో చిప్ ఎక్కడా తప్పలేదు. తేడా అంతా గడియారాల దగ్గరే వచ్చింది.

ప్రాసెసర్ లోపల టైమ్ స్టాంప్ కౌంటర్ అని ఒకటుంటుంది. దాన్ని టీఎస్‌సీ అంటారు. ఇంటెల్ 1993లో పెంటియంతో దీన్ని మొదలుపెట్టింది. దీనికి తేదీ తెలియదు, గంట తెలియదు. టిక్కు టిక్కుకీ ఒక అంకె పెంచుకుంటూ పోవడమే దాని పని. 3 గిగాహెర్ట్జ్ వేగమైతే సెకనుకు 300 కోట్ల టిక్కులు. ఆ అంకె చదవడానికి ఒక్క ఆదేశం చాలు, చిప్ దాటి వెళ్లక్కర్లేదు. అందుకే తొందర పని ఉన్న ప్రోగ్రాములన్నీ దాని వైపే చూస్తాయి. చిక్కల్లా ఈ కౌంటర్ కోర్‌కొకటి ఉండడమే.

పొయ్యి మీద బియ్యం పెట్టేటప్పుడు హాల్లో గడియారం చూసి, దించేటప్పుడు వంటింటి గడియారం చూస్తే ఏమవుతుంది? వంటింటిది వెనకబడి ఉంటే, పెట్టకముందే అన్నం ఉడికిందని లెక్క తేలుతుంది. ప్రోగ్రాముకూ అదే గతి. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తూ ఉంటుంది. మొదటి కోర్ మీద 5,00,000 అని చదివిన ప్రోగ్రాము, పని ముగించి రెండో కోర్ మీద 4,99,800 అని చదివిందనుకోండి. పట్టిన కాలం మైనస్ 200! ఆ ఫలితాన్ని రుణసంఖ్యలు పట్టని 64 బిట్ల గడిలో నానోసెకన్లుగా వేస్తే, అది సుమారు 584 ఏళ్లుగా కనిపిస్తుంది. దాన్ని నమ్మిన ప్రోగ్రాము ఏం చేసినా ఆశ్చర్యం లేదు.

అథ్లాన్‌లో ఈ తేడా ఎందుకొచ్చింది? పని లేని కోర్‌కు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించేవారు. ఆ కాసేపు దాని కౌంటర్ కూడా నెమ్మదించి, పక్క కోర్ కంటే వెనకబడేది. ఏఎమ్‌డీ దీనికి డ్యూయల్ కోర్ ఆప్టిమైజర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ఇంకో దారి, టీఎస్‌సీని పక్కనపెట్టి పీఎమ్ టైమర్‌ను వాడడం. అది కోర్ల బయట ఉంటుంది కనుక ఎవరు చదివినా ఒకటే అంకె. దాని వేగం సెకనుకు 35,79,545 టిక్కులు. ఆ సంఖ్య అమెరికా కలర్ టీవీ సంకేతం నుంచి వచ్చింది. ఆ టీవీల కోసం చవగ్గా దొరికే క్రిస్టల్‌నే తొలి పీసీల్లో వాడారు మరి. కానీ బయట ఉన్నదాన్ని చదవాలంటే ఆలస్యం తప్పదు. టీఎస్‌సీకి పదుల నానోసెకన్లు సరిపోతే, దీనికి వందల్లో పడుతుంది.

ఈ విషయంలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అది ఎవరి మాటా ఊరికే నమ్మదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే రెండేసి కోర్లకు పరీక్ష పెడుతుంది. మెమరీలో ఒక చోటికి తాళం వేసి, ఒక కోర్ తన కౌంటర్ చదివి ఆ అంకెను అక్కడ రాస్తుంది. తర్వాత తాళం దక్కిన కోర్ తన కౌంటర్ చదివి, అక్కడున్న అంకెతో పోల్చుకుంటుంది. తర్వాత చదివినది చిన్నదైతే కాలం వెనక్కి నడిచినట్టే. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఇదే పోటాపోటీగా సాగుతుంది. తేడా సరికాకపోతే టీఎస్‌సీని నమ్మదగనిదిగా గుర్తిస్తుంది. అవసరమైన యంత్రాల్లో ఆ తర్వాత కూడా అర సెకనుకోసారి వేరే టైమర్‌తో సరిచూసే కాపలా ఉంటుంది. తేడా పెరిగితే లినక్స్ కేంద్రభాగమైన కెర్నల్ తనంతట తానే హెచ్‌పెట్ వంటి బయటి టైమర్‌కు మారిపోతుంది. వేగం పోయినా సరే, వెనక్కి నడిచే కాలం వద్దన్నదే ఆ నిర్ణయం. అది సరైన నిర్ణయం.

2008లో వచ్చిన నెహాలెమ్ తరం నుంచి ఇంటెల్ చిప్‌లలో కోర్ వేగం మారినా, కోర్ నిద్రపోయినా టీఎస్‌సీ ఒకే వేగంతో నడుస్తుంది. దాంతో చాలా బాధ తీరింది. అయినా లినక్స్ తన పరీక్ష మానలేదు. ఒకటికి మించి ప్రాసెసర్ సాకెట్లున్న సర్వర్లలోనూ, కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయోస్ కౌంటర్‌ను కదిలించిన యంత్రాల్లోనూ తేడాలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి.

కోర్లన్నీ ఒకే మాట మీదున్నా తేదీ చెప్పే గడియారం వెనక్కి జరగవచ్చు. 2017 జనవరి 1న, మన వేళల్లో ఉదయం 5:30కి ముందు, కాలమానానికి ఒక అదనపు సెకను (లీప్ సెకను) కలిపినప్పుడు, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్ఎస్ సేవలో కొంత భాగం అందుకే దెబ్బతింది. పట్టిన కాలం సున్నా కంటే తక్కువ రాదని ఆ ప్రోగ్రాము నమ్మింది, కానీ వచ్చింది.

ప్రోగ్రాములు రాసేవారికి ఒక్క మాట. తేదీ, వేళ వేయడానికే ఆ తేదీ చెప్పే గడియారాన్ని అడగండి. ఎంతసేపు పట్టిందో కొలవాలంటే ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారాన్ని, అదీ ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానే అడగండి. టీఎస్‌సీని నేరుగా చదవకండి. సర్వర్ ఉన్నట్టుండి మందగిస్తే, టీఎస్‌సీని పక్కనపెట్టినట్టు కెర్నల్ లాగ్‌లో ఏమైనా రాసి ఉందేమో ముందు చూడండి.