రేపటి అక్షరానికి తలకట్టు ఉంటుందా?

రాకెట్లు, రోబోలు ఉండే సినిమా పోస్టరు ఏదైనా ఒకసారి గమనించండి. పేరు మామూలు పుస్తకం అక్షరాల్లో ఉండదు. గీతలన్నీ ఒకే మందం, వంపులన్నీ వృత్తంలో ముక్కలు. స్కేలు, కంపాసు పెట్టి గీసినట్టుండే ఇలాంటి వాటిని జ్యామితీయ అక్షరాలు అంటారు. పేజీల కొద్దీ చదవడానికి కాక, శీర్షికల కోసం పెద్ద సైజులో వాడే ఫాంట్లను డిస్‌ప్లే ఫాంట్లు అంటారు. ఇంగ్లీషులో ఇవి కోకొల్లలు, తెలుగులో తక్కువ. వార్షికోత్సవం బ్యానరు, గోడపత్రిక మన హాస్టల్లో మనమే తయారుచేసుకుంటాం కనుక, ఎందుకు తక్కువో, ఏం చేయవచ్చో తెలుసుకోవడం మంచిదని మేము అనుకుంటున్నాం.

ఎక్కడ మొదలైంది?

1927లో జర్మనీలో పాల్ రెన్నర్ రూపొందించిన 'ఫ్యూచురా' బయటికి వచ్చింది. వృత్తం, చతురస్రం, త్రిభుజమే దాని పునాది. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నవి ఈ అక్షరాలే. 1962లో ఇటలీకి చెందిన ఆల్డో నోవరేజే 'యూరోస్టైల్' చేశారు. అందులో వృత్తం పోయి, పాత టీవీ తెర లాంటి మూలలు నునుపైన చతురస్రం వచ్చింది. 1975లో నాసా తన కొత్త చిహ్నంలో 'ఏ' అక్షరాలకు అడ్డగీత తీసేసింది. 1992లో ఆ చిహ్నాన్ని పక్కన పెట్టి, 2020లో మళ్లీ తెచ్చారు. అడ్డగీత లేకపోయినా నాసా అని అందరూ చదివేశారు. ఉన్నదాంట్లో కొంత తీసేయడమే ఈ పద్ధతికి ప్రాణం.

మనకు వచ్చే చిక్కు

తెలుగులో అలా తీసేస్తే ఏమవుతుందో చూడండి. 'ప'కు తలకట్టు ఒంటిని తాకదు, 'వ'కు కలిసి ఉంటుంది. ఆ సందు పూడ్చేస్తే 'పంట' కాస్తా 'వంట' అవుతుంది. 'థ' లోపలి చుక్క, అడుగు గీత తీసేస్తే 'కథ' 'కద' అవుతుంది. 'ఠ'లో చుక్క పోతే 'పాఠం' 'పారం' అవుతుంది. ఇవి అలంకారాలు కావు, అర్థాన్ని మోసే గుర్తులు.

రెండో చిక్కు లెక్కది. ఇంగ్లీషు శీర్షికల ఫాంటుకు 26 పెద్దబడి అక్షరాలు, 10 అంకెలు ఉంటే చాలావరకు పని నడుస్తుంది. మనకు వర్ణమాలలో 56 అక్షరాలు, వాటి మీద గుణింతాలు, కింద వత్తులు. అన్నీ కలిస్తే వందల ఆకారాలు గీయాలి. మూడోది ఎత్తు. 'స్త్రీ' అనే ఒక్క మాటకే పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. చతురస్రపు డబ్బాలో ఇది ఇమడదు.

అయితే మనకు ఒక వీలు కూడా ఉంది. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలుతుందని మన రాత గుండ్రంగా మారిందని చెబుతారు. 'ర', 'ఠ', సున్నా వృత్తాలే కదా! మన లిపికి కంపాసు చుట్టం, స్కేలు పరాయిది.

మనవాళ్లు చేసిన పని

డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు 'పోతన 2000', 'వేమన 2000' ఫాంట్లు అందరికీ ఉచితంగా ఇచ్చారు. పోతనలో గీత లావు, సన్నం మారుతుంది. వేమనలో ఒకే మందంగా సాగుతుంది. తర్వాత సిలికానాంధ్ర ద్వారా పురుషోత్ కుమార్ గుత్తుల గారు రూపొందించిన యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి. రామభద్ర, ఎన్టీఆర్ వంటివి శీర్షికలకు పనికొస్తాయి. 2022లో మన తిరువూరు ఏ జిల్లాలో చేరిందో, ఈ ఫాంటుదీ అదే పేరు! అదే ఏడాది ఎక్ టైప్ సంస్థ వారి 'అనేక్ తెలుగు' వచ్చింది. అందులో ఒకే అక్షరాన్ని ఇరుకు నుంచి వెడల్పు దాకా, సన్నం నుంచి లావు దాకా మార్చుకోవచ్చు. ఇవేవీ కొనాల్సిన పనిలేదు.

మీరే గీసి చూడండి

గ్రాఫ్ కాగితం మీద అక్షరం ఒంటికి 12 గడులు, పైన గుణింతానికి 6, కింద వత్తులకు 8 వదలండి. గీత మందం 2 గడులు. ముందు 'ర', 'ప', 'వ', 'ద', 'థ' గీయండి. ఈ ఐదూ వేరువేరుగా తెలిస్తే మిగతావి దారికొస్తాయి. తలకట్టును అడ్డగీతగానో, కోసిన మూలగానో మార్చవచ్చు, కానీ 'ప' మీద సందు మాత్రం ఉండాలి. పూర్తయ్యాక గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చదవండి.

ఫాంటు వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. శీర్షిక వరకే వాడాలి. తేదీ, సమయం, ఆహ్వానం మామూలు అక్షరాల్లో ఉండాలి. ఫ్లెక్సీ షాపులో పాత పద్ధతి ఫాంట్లు ఉంటే మన యూనికోడ్ టైపింగు పిచ్చి గుర్తులుగా మారుతుంది. అందుకే బొమ్మగానో, పీడీఎఫ్‌గానో తీసుకెళ్లి, ప్రింటుకు ముందు ఒకసారి చదివి చూసుకోవాలి.

ఎవరి కోసం?

మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాళ్లం. మా అమ్మానాన్నలు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు. చదువు అలవాటైనవాళ్లు చుక్క లేకపోయినా మాటను ఊహించుకుంటారు. కూడబలుక్కునేవాళ్లకు ఆ చుక్కే ఆధారం. వార్షికోత్సవానికి వచ్చి, గేటు మీద తమ పిల్లల హాస్టల్ పేరు చదవలేక, తమకే చదువు రాలేదేమోనని వాళ్లు తల దించుకుంటే ఆ తప్పు వాళ్లది కాదు, ఆ అక్షరం గీసినవాళ్లది.

రేపటి అక్షరానికి తలకట్టు ఉంటుంది. దాని రూపం మాత్రం మారుతుంది. ఎలా మారాలో గీసి చూపించే చేతులు మన హాస్టళ్ల నుంచి కూడా రావాలి. తమ్ముళ్లూ, ఈ సెలవుల్లో ఒక గ్రాఫ్ పుస్తకం, ఒక కంపాసు పట్టండి. గీసింది ముందు ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి. వాళ్లు తడుముకోకుండా చదివితే మీ అక్షరం పాసైనట్టే.