సుల్తాన్‌షాహీ బస్తీలో ఒక క్రైస్తవ సంస్థ

క్రైస్తవ సంఘాల సేవ అనగానే మన ప్రాంతపు విద్యార్థి మనస్సులో మెదిలేది మిషన్ కాంపౌండు. చుట్టూ ప్రహరీగోడ, లోపల వేపచెట్లు, చర్చి, దాని పక్కన బడి, వీలైనచోట ఒక ఆసుపత్రి. నల్లగొండ జిల్లాకు ఈ రూపం కొత్తది కాదు. నాటి దక్షిణ రష్యా నుండి, అనగా నేటి ఉక్రెయిన్ ప్రాంతం నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో స్థిరపడి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన పనిచేసినారు. ఆ మిషన్ పిమ్మట సూర్యాపేటకు కూడ విస్తరించినది. గోధుమ పండే దేశంనుండి వచ్చినవారు జొన్నలు పండే మన పల్లెలలో తెలుగు నేర్చుకొని తిరిగినారన్నమాట! మనకు తూర్పున డోర్నకల్‌లో 1912లో బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. ఆయన కట్టించగా 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కేథడ్రల్ గుమ్మటాలను, మినార్లను చూచినవారికి అది మసీదా, మందిరమా, చర్చియా అని ఒక క్షణం సందేహం కలుగక మానదు.

ఇదంతా పల్లెలలో జరిగిన కృషి. నగరంలోని ఇరుకు బస్తీలో ఇదే పద్ధతి ఎందుకు చెల్లదో, చెల్లనప్పుడు ఒక క్రైస్తవ సంస్థ ఏమి చేసినదో తెలిసికొనుటకు హైదరాబాదు పాతనగరం వరకు వెళ్ళవలసి ఉన్నది. అది మనకు తెలియని చోటు కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి పోయే బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్‌స్టేషను మూసీనది నడుమ ఉన్నది. అక్కడ దిగి దక్షిణపు ఒడ్డుకు నడిస్తే పాతనగరమే. చార్మినారు దాటి మొగల్‌పురా వైపు తిరిగితే సుల్తాన్‌షాహీ వస్తుంది.

పల్లెలో మిషనరీ ముఖ్యంగా వెళ్ళినది మాల, మాదిగ వాడలకు. అక్కడ బంధుత్వాలు ఒకటి, పెద్దలు ఒకరు. చేరితే వాడ అంతా కలిసి సంఘంలో చేరేది. బడి ఆ సంఘానిదే, చర్చి ఆ సంఘానిదే. బస్తీ స్వభావం వేరు. ఒకే గల్లీలో హిందువులు, ముస్లిములు, నిన్నమొన్న పల్లెనుండి వచ్చినవారు, తాతల కాలంనుండి ఉన్నవారు కలిసి ఉంటారు. ఒకరు ఆటో తోలుతారు, ఒకరు లక్క గాజులు చేస్తారు, ఒకరు ఇంటివద్దనే అగరువత్తులు చుడతారు. క్రైస్తవ కుటుంబాలు అరుదు. అటువంటి చోట సంఘం కూర్చలేరు; ప్రహరీ కట్టుటకు జాగా అసలే లేదు. అక్కడికి వెళ్ళిన క్రైస్తవుడు అతిథియే గాని యజమాని కాడు. ఈ ఒక్క మార్పునుండి తక్కిన మార్పులన్నీ వచ్చినవని నా అభిప్రాయం.

నేను చెప్పబోయే సంస్థ పేరు హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. మార్టిన్ (1781–1812) ఈస్టిండియా కంపెనీ సైన్యాలకు మతగురువుగా 1806లో భారతదేశానికి వచ్చి, దీనాపూర్, కాన్పూర్‌లలో ఉన్నారు. మీర్జా ఫిత్రత్ సహాయంతో క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చినారు. షీరాజులో పారశీక అనువాదం ముగించి, స్వదేశానికి పోతూ తుర్కీలోని తోకాత్‌లో ముప్ఫది ఒకటవ యేట మరణించినారు. ఉర్దూ గద్యచరిత్ర చదివే మన విద్యార్థులకు ఆ పేరు తెలిసియుండుట మేలు. ఆయన పేరిట 1930లో లాహోరులో ఒక పాఠశాల వెలసినది. దాని ప్రథమ ఉద్దేశం దాపరికం లేనిది: ముస్లిముల మధ్య సువార్త ప్రకటించుటకు క్రైస్తవులకు ఇస్లాం మతజ్ఞానం బోధించుట. అలీగఢ్, జబల్‌పూర్, లక్నో మొదలైన ఊళ్ళు మారి, 1971లో ఆ సంస్థ హైదరాబాదు చేరినది. చాలాకాలం అది ఆబిడ్స్ ప్రాంతంలోని చిరాగ్ అలీ గల్లీలో ఉండేది. మౌల్వీ చిరాగ్ అలీ నిజాం కొలువులో ఉంటూ, ఇస్లాంపై పాశ్చాత్యులు, మిషనరీలు చేసిన విమర్శలకు గ్రంథరూపంలో సమాధానం చెప్పిన పండితుడు. మిషనరీలకు శిక్షణనిచ్చుటకు పుట్టిన సంస్థకు ఆయన పేరుగల వీథే చిరునామా అగుట చూస్తే, చరిత్రకు కూడ హాస్యప్రియత్వం ఉన్నదనిపిస్తుంది.

ఇరువది ఏండ్లపాటు ఆ సంస్థ హైదరాబాదులో చేసినది ముఖ్యంగా చదువు పనే: తరగతులు, గ్రంథాలయం, పత్రిక. 1990 డిసెంబరు ఆ పరిస్థితిని మార్చినది. ఆ నెలలో పాతనగరంలో చెలరేగిన మతకలహాలలో నూటికి మించి ప్రాణాలు పోయినవి. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి ఆ నెలలోనే పదవి వీడినారు. కర్ఫ్యూ అనే మాట వార్తాపత్రికలో చదివేవారికి ఒక రకంగాను, బస్తీలో ఉండేవారికి మరొక రకంగాను అర్థమవుతుంది. రోజుకూలి మీద బ్రతికే ఇంటిలో వారం రోజుల బియ్యం ఉండవు. సడలింపు ఇచ్చిన రెండు మూడు గంటలలోనే నీళ్ళు, కిరోసిను, మందులు, పిల్లలకు పాలు అన్నీ సమకూర్చుకోవాలి. ఇంటివద్ద గాజులు చేసే స్త్రీ చేసిన సరుకును దుకాణదారుకు చేర్చలేదు, కొత్త సరుకు తెచ్చుకోలేదు. కత్తిపోటు తగలని ఇల్లు కూడ ఈ విధంగా దెబ్బతింటుంది. ఆ దెబ్బకు మతభేదం లేదు.

ఇస్లాంను పుస్తకాలలో చదివే సంస్థ పక్కనే ముస్లిములు, హిందువులు చచ్చిపోతున్నారు. ఇక ఆ చదువుకు అర్థమేమి? సంస్థ లోపలి వారే ఈ ప్రశ్న వేసికొన్నారు. సహాయకార్యాలతో బస్తీలలోనికి అడుగుపెట్టి, క్రమంగా సుల్తాన్‌షాహీలో నిలిచిపోయినారు. అక్కడి పనికి 'అమన్ శాంతి' అని పేరు. రెండు పదాలకూ అర్థం ఒకటే. ఒకటి ఉర్దూ వాకిటినుండి, రెండవది తెలుగు వాకిటినుండి వచ్చినది. రెండు భాషలలో పత్రిక తెచ్చే మనకు ఆ పేరులోని ఇంగితం విప్పి చెప్పనక్కరలేదు. పిల్లల చదువు, స్త్రీలకు కుట్టుపని వంటి చేతిపనులు, ప్రాథమిక ఆరోగ్యం, ఇవే అక్కడి కార్యక్రమాలు. 1990 దశకంలో సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆండ్రియాస్ డిసౌజా, క్రైస్తవ సేవ లక్ష్యం మతవ్యాప్తి కాక సయోధ్య కావలెనని వాదించినారు. పుట్టినప్పటి ఉద్దేశాన్ని ఒక సంస్థ తానే ప్రశ్నించుకొనుట మన దేశంలో తరచుగా కనబడేది కాదు.

ముస్లిము పాఠకుడు ఇక్కడ ఆగి సందేహిస్తాడు. సందేహించుట న్యాయమే, నాకూ ఆ సందేహం కలిగినది. కుట్టుమిషను ఇచ్చి కలిమా మాన్పించరని ఏమి నమ్మకం? దీనికి ప్రకటనలు జవాబు కావు, పని జరిగే తీరే జవాబు. బస్తీలో రహస్యం దాగదు. బడికి పంపిన బిడ్డ ఇంటికి వచ్చి ఏమి పాడినదో ఆ సాయంత్రమే గల్లీ అంతా తెలుస్తుంది. ఆడపిల్లను కుట్టు తరగతికి పంపే తండ్రి మొదటి వారమే నిగ్గు తేల్చుకొంటాడు. అనుమానం కలిగితే మాట్లాడడు, పిల్లను మాన్పిస్తాడు, అంతే. కావున అటువంటి చోట ఏండ్ల తరబడి నిలిచిన కేంద్రం ప్రతిదినం పరీక్షకు నిలిచినదన్నమాటే.

కుట్టుపని ఎందుకు? శాంతి సభలు పెట్టవచ్చును గదా అని మరొక ప్రశ్న. శాంతి సభకు వచ్చేది పురుషులు, అందులోను పెద్దమనుషులు. శాలువాలు కప్పుకొని, ఉపన్యసించి వెళ్ళిపోతారు. కొంగు, బురఖా ఒకే గదిలో మూడు నెలలు కూర్చొనే సందర్భం బస్తీలో వేరే లేదు. సంపాదన తెచ్చే విద్య గనుక ఇంటివారు అనుమతిస్తారు. ఆ అనుమతి కేవలం స్నేహానికి దొరకదు. రాజనీతి శాస్త్రజ్ఞుడు ఆశుతోష్ వార్ష్ణేయ్ 2002లో వెలువరించిన గ్రంథంలో హైదరాబాదును లక్నోతో పోల్చి చూచినారు. లక్నోలో చికన్ కుట్టే చేతులు ఎక్కువగా ముస్లిములవి, అమ్మే వర్తకులు ఎక్కువగా హిందువులు. ఒకరు లేక ఒకరికి పొయ్యి వెలగదు. హైదరాబాదు పాతనగరంలో అంతటి అల్లిక లేదు. పండుగనాడు మిఠాయి పంచుకొనే ఇరుగుపొరుగు స్నేహం మంచిదే గాని, పుకారు పుట్టిన రాత్రి అది నిలువదు. వ్యాపారంలోనో, సంఘంలోనో కలిసి పనిచేసే అలవాటు ఉన్నచోట పుకారును ఆపే మనుషులు దొరుకుతారు. ఆయన వాదన స్థూలంగా ఇది. సుల్తాన్‌షాహీ కుట్టు తరగతి ఆ అల్లికలో ఒక చిన్న పోగు.

చిన్న పోగు అనుటలో ఉద్దేశం ఉన్నది. అతిశయోక్తి సేవాసంస్థల వార్షిక నివేదికలకు శోభ గాని మనకు కాదు. పాతనగరంలో ప్రతి కలహం పిమ్మట హిందువులు ముస్లిముల గల్లీలనుండి, ముస్లిములు హిందువుల గల్లీలనుండి కదలిపోయినారు. ఒక కేంద్రం ఆ ప్రవాహాన్ని ఆపజాలదు. ఇటువంటి సంస్థలకు విదేశీ క్రైస్తవ సంఘాల విరాళం ఆధారం. విదేశీ విరాళాలకు 1976లో ఒక చట్టం, దాని స్థానంలో 2010లో మరొకటి వచ్చినవి. అనుమతి ఆగితే జీతాలు ఆగుతాయి, బడి కూడ ఆగుతుంది. బస్తీవారి చేతిలో లేని డబ్బుతో నడిచే బస్తీ పనికి ఈ బలహీనత ఎప్పుడూ ఉంటుంది.

మన వద్ద జకాత్ ఉన్నది, వక్ఫు ఉన్నది. ఖిద్మతె ఖల్క్ అనే మాట ప్రతి రమజానులో వింటాము. మనది మన డబ్బే, విదేశపు అనుమతి అక్కరలేదు. కాని మన జకాత్ పేదవాని గుమ్మం వరకు పోయి, చేతిలో పడి, వెనుదిరిగి వస్తుంది. మరుసటి రమజాను వరకు ఆ గల్లీ మొగం చూడదు. సూర్యాపేటలోగాని, మిర్యాలగూడలోగాని ఏడాది పొడుగునా తెరచియుండే ఒక గది, అందులో నాలుగు కుట్టుమిషన్లు, నేర్పుటకు ఒక స్త్రీ, గుమ్మంలో ఏ మతమని అడుగని ఏర్పాటు: దీనికి అయ్యే ఖర్చు మన ఊరి ఒక రమజాను వసూలులో ఎన్నవ వంతు? లెక్క వేయగల కామర్సు విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. జకాత్ సొమ్మును ముస్లిమేతరుల కొరకు వాడవచ్చునా అనే ధర్మసందేహం వస్తుంది. పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి గనుక ఆ భాగాన్ని సదకా నుండి తీయవచ్చును. సదకాకు ఆ అడ్డు లేదు.