స్పార్కు ప్లగ్గులను మార్చవలసిన కాలము

రైతులలో పలువురియొద్ద మోటారుకార్లును, పెట్రోలుతోగాని కిరసనాయిలుతోగాని నడచు నీటిపంపులును, మందుచల్లు యంత్రములును కలవు. వీని ఇంజనులయందు స్పార్కు ప్లగ్గు అను చిన్న వస్తువు గలదు. దాని వెల స్వల్పము. అయినను అది చెడినచో, పైరు ఎండుచున్న దినముననే పంపు కదలకుండును. డీజిలు ఇంజనులలో గాలిని అదుముటవలన గలుగు వేడిచేతనే నూనె మండును గావున, వానికీ ప్లగ్గు లేదు.

పనిచేయు విధము: సిలిండరులో అదుమబడిన పెట్రోలు ఆవిరియు గాలియు ప్లగ్గు మొనల నడుమ పుట్టు విద్యుత్తు రవ్వచే అంటుకొనును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు కారు ఇంజనులో ప్రతి ప్లగ్గును సామాన్యముగా 1,500 పర్యాయములు రవ్వ విడువవలయును. ఇందువలన మొనలు క్రమముగా అరిగి, వాని నడిమి సందు పెరుగును. సందు పెరిగినకొలది రవ్వ పుట్టుట కష్టమై, బరువు లాగునపుడు తప్పిపోవును.

మార్చు గడువు: కార్లలో నికెలు మొనలుగల సాధారణపు ప్లగ్గులను సుమారు 30,000 మొదలు 50,000 కిలోమీటర్లలోపల మార్చుట వాడుక. ప్లాటినము, ఇరిడియము మొనలు గలవి పెక్కు సుమారు 1,00,000 కిలోమీటర్లు పనిచేయును. పంపులకు పనిచేసిన గంటలే లెక్క. 100 గంటలకొకసారి ప్లగ్గును తీసి చూచుట మేలు. ఇంజనుతో వచ్చిన పుస్తకమందలి గడువే ప్రమాణము. అయితే ఇంజను త్వరగా అందుకొనకున్నను, నడుమ నడుమ తప్పుచున్నను, బలము తగ్గినను, పెట్రోలు హెచ్చుగా ఖర్చగుచున్నను గడువునకై వేచియుండరాదు.

రంగునుబట్టి పరీక్ష: మొన లేత గోధుమవన్నెగానున్నచో ఇంజను క్షేమము. పొడి మసి పట్టినచో పెట్రోలు హెచ్చుగా వచ్చుచున్నదనిగాని, గాలిజల్లెడ దుమ్ముతో పూడినదనిగాని తలపవలెను. నూనెతో తడిసి నల్లబడినచో పిస్టను రింగులు అరిగియుండవచ్చును. తెల్లబారి బొబ్బలెక్కినచో ఇంజను మితిమీరి కాగుచున్నది. ఈ మూల దోషమును సవరింపక ప్లగ్గును మాత్రము మార్చినచో, క్రొత్తదియు అట్లే చెడును. పెట్టిన సొమ్ము వృథా యగును.

మార్చు విధము: ఇంజను చల్లారినపిదప ప్లగ్గు చుట్టునున్న దుమ్మును ఊది, పిమ్మట విప్పవలెను, లేనిచో ఇసుక సిలిండరులో పడి గోడలను గీయును. పుస్తకమున చెప్పిన నంబరు ప్లగ్గునే కొని, సందు కొలిచి చూడవలెను. మొదట చేతితోనే మరలను త్రిప్పి, తుదకు మాత్రమే స్పానరుతో బిగింపవలెను. క్రొత్త వాషరుగల ప్లగ్గు ఆనినపిదప సామాన్యముగా అరచుట్టు మొదలు మూడింట రెండువంతుల చుట్టు చాలును. బలముకొలది బిగించినచో మరలు చెడి, సిలిండరు తలకే నష్టము వాటిల్లును.

సరియైన నంబరు ప్లగ్గు నొకదానిని పంపుకొట్టమున భద్రపరచుకొని, మార్చిన తేదీని గోడపై వ్రాసియుంచు రైతునకు పైరు నీరుగోరు వేళ పట్టణమునకు పరుగెత్తు ప్రయాస తప్పును.