గచ్చిబౌలి చేరిన ఇంటర్‌కాంటినెంటల్ కప్

ఇంటర్‌కాంటినెంటల్ కప్ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే జాతీయ జట్ల పోటీ. 2019 ఆసియా కప్‌కు భారత జట్టును సిద్ధం చేసేందుకు 2018లో దీన్ని మొదలుపెట్టారు. పేరుకు తగ్గట్టే వేర్వేరు ఖండాల జట్లను పిలవడం ఈ పోటీ ప్రత్యేకత.

తొలి పోటీ ముంబయిలో జరిగింది. కెన్యా, న్యూజిలాండ్, చైనీస్ తైపీ వచ్చాయి. తైపీపై భారత్ 5-0తో గెలిచి, సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టినా స్టేడియం చాలావరకు ఖాళీగానే ఉంది. అది చూసి కెప్టెన్ ఛెత్రి ఒక వీడియో విడుదల చేశాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి వచ్చి చూడండి అన్నది అందులోని వేడుకోలు. తర్వాతి మ్యాచ్ కెన్యాతో. అది ఛెత్రికి వందో అంతర్జాతీయ మ్యాచ్. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, భారత్ 3-0తో నెగ్గింది. న్యూజిలాండ్ చేతిలో 1-2తో ఓడినా, జూన్ 10న ఫైనల్లో మళ్లీ కెన్యాను 2-0తో ఓడించి కప్పు అందుకుంది. టోర్నీ మొత్తంలో ఛెత్రి గోల్స్ 8. ఒక పోటీ పుట్టుకలోనే ప్రేక్షకుల్ని ఇలా కదిలించడం మన ఫుట్‌బాల్‌లో అరుదు.

2019లో అహ్మదాబాద్‌లో కథ తిరగబడింది. తజికిస్థాన్‌పై 2-0 ఆధిక్యంలో ఉండి కూడా భారత్ 2-4తో ఓడింది. ఉత్తర కొరియా 5-2తో చిత్తు చేసింది. చివరికి కప్పు కూడా ఉత్తర కొరియాదే. 2023లో భువనేశ్వర్‌లో వనువాటు, మంగోలియా, లెబనాన్ పాల్గొన్నాయి. ఫైనల్లో ఛెత్రి, చాంగ్టే చెరో గోల్ చేయడంతో లెబనాన్‌ను 2-0తో ఓడించి భారత్ రెండోసారి విజేత అయింది.

నాలుగో పోటీకి 2024లో హైదరాబాద్ వేదికైంది. మదీనాగూడ, కొండాపూర్ వాసులకు చేరువలో, ఐటీ కార్యాలయాల నడుమ ఉన్న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మ్యాచ్‌లు పెట్టారు. ఈ నగరానికి ఆ గౌరవం ఊరికే రాలేదు. భారత్‌కు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడివాడే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ ఇక్కడి ఆటగాళ్లే. 2003లో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత్ సెమీస్‌లో జింబాబ్వేను 5-3తో ఓడించి, ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1తో ఓడింది. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ కూడా ఇక్కడే సాగింది. వానలకు మైదానాలు పాడై ఫైనల్ ఢిల్లీకి తరలింది. అక్కడ ఛెత్రి హ్యాట్రిక్‌తో భారత్ 4-1తో తజికిస్థాన్‌ను ఓడించి, 1984 తర్వాత మొదటిసారి ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది.

ఇంతటి నేపథ్యం ఉన్నచోట 2024 సెప్టెంబర్ ఫలితాలు అభిమానుల్ని బాధించాయి. ఛెత్రి అప్పటికే జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. గతంలో హైదరాబాద్ ఎఫ్‌సీని 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిపిన మనోలో మార్క్వెజ్‌కు భారత కోచ్‌గా ఇదే తొలి పరీక్ష. ఈసారి భారత్, మారిషస్, సిరియా మూడే జట్లు కాబట్టి ఫైనల్ లేదు, పాయింట్లే లెక్క. సెప్టెంబర్ 3న, ర్యాంకింగ్‌లో 179వ స్థానంలో ఉన్న మారిషస్‌పై భారత్ ఒక్క గోల్ కూడా చేయలేక 0-0తో సరిపెట్టుకుంది. సిరియా మారిషస్‌ను 2-0తో ఓడించింది. దాంతో 9న జరిగిన ఆఖరి మ్యాచ్‌లో భారత్ కప్పు దక్కించుకోవాలంటే గెలిచి తీరాలి, సిరియాకు డ్రా అయినా చాలు. ఏడో నిమిషంలోనే సిరియా ఆటగాడు మహమూద్ అల్ అస్వద్ గోల్ కొట్టాడు. రెండో సగంలో భారత్ ఒత్తిడి పెంచినా, 76వ నిమిషంలో ఇరందుస్త్, అదనపు సమయంలో సబ్బాగ్ గోల్స్‌తో సిరియా 3-0తో గెలిచి కప్పు పట్టుకుపోయింది. గోల్స్ తేడాలో మారిషస్‌కు రెండో స్థానం, ఆతిథ్య జట్టుకు చివరి స్థానం.

అదే స్టేడియంలో నవంబర్ 18న మలేషియాతో స్నేహపూర్వక మ్యాచ్ 1-1తో ముగిసింది. ఒక్క విజయం కూడా లేకుండానే భారత జట్టుకు ఆ ఏడాది గడిచిపోయింది.